తమ్ముడికి అబద్ధం చెప్పి ఆసుపత్రికి తీసుకెళ్ళొద్దు

మీరు రాసినదాని సారాంశం ఇది. ఇల్లు విశాఖపట్నం మధురవాడలో. తమ్ముడికి 23 ఏళ్ళు, బీటెక్ పూర్తయి ఉద్యోగం కోసం చూస్తున్నాడు. రెండు నెలలుగా గదిలోంచి బయటికి రావడం తగ్గించేశాడు. పది రోజులుగా సరిగ్గా నిద్ర లేదు. పక్క ఫ్లాట్ వాళ్ళు తన గురించే మాట్లాడుకుంటున్నారంటాడు. ఫోన్‌లోంచి ఎవరో గమనిస్తున్నారని సిమ్ తీసి పారేశాడు. మొన్న రాత్రి అమ్మతో "నేను లేకపోతే మీ అందరికీ పీడ వదులుతుంది" అన్నాడు. నాన్నగారేమో గాలి సోకిందని, అనకాపల్లి వైపు ఎవరో మంత్రం వేసేవాళ్ళున్నారు తీసుకెళ్దామని అంటున్నారు. వాల్తేరులోని ప్రభుత్వ మానసిక ఆసుపత్రి మాటెత్తితే అమ్మ ఏడుస్తున్నారు, రేపు పెళ్ళెలా అవుతుందని. సింహాచలం దర్శనానికని చెప్పి కారెక్కించి, తిన్నగా ఆసుపత్రిలో దించెయ్యమని మావయ్య సలహా ఇచ్చారు. మీరు హైదరాబాద్‌లో ఉద్యోగానికి వారం సెలవు పెట్టి వచ్చారు.

నేను మానసిక వైద్య వార్డుల్లో నర్సుగా చేసి రిటైరయ్యాను. డాక్టర్ని కాదు కాబట్టి మీ తమ్ముడిది ఏ జబ్బో నేను చెప్పను. అది చూసి చెప్పాల్సిన విషయం, చదివి చెప్పేది కాదు. కానీ అలాంటి పిల్లల్ని ఇంటివాళ్ళు ఎలా తీసుకొస్తారో, ఆ తీసుకొచ్చిన పద్ధతి వల్ల తర్వాత ఏమవుతుందో బాగా చూశాను. దాని గురించే ఎక్కువ చెప్తాను.

ముందు ఆ రాత్రి అన్న మాట సంగతి. మిగతావి రేపటిదాకా ఆగుతాయి, అది ఆగదు. "ఊరికే బెదిరిస్తున్నాడు" అని ఇంట్లో ఎవరైనా అంటే వినకండి. ఈరోజే మీరే పక్కన కూర్చుని అడగండి. "ఏరా, మొన్న అమ్మతో అలా అన్నావట. చచ్చిపోవాలనిపిస్తోందా?" అని ఆ మాటే వాడి అడగండి. అడిగితే లేనిపోని ఆలోచన తలకెక్కిస్తామేమోనని అందరికీ భయం. అలా జరగదు. దీని మీద జరిగిన పరిశోధనలూ అదే చెప్తాయి, వార్డులో నేను చూసిందీ అదే. ఎవరో ఒకరు అడిగినందుకు చాలామంది తేలికపడతారు. "పిచ్చి పిచ్చి ఆలోచనలేం పెట్టుకోవట్లేదు కదా?" అని మాత్రం అడక్కండి. అలా అడిగితే లేదనే చెప్తాడు, మీరు కోరుకుంటున్న జవాబు అదేనని వాడికి తెలుసు.

అవునంటే గాభరా పడకుండా ఇంకా అడగండి. ఎలా చేసుకోవాలన్నది ఆలోచించాడా, ఎప్పుడు అనుకుంటున్నాడు, దానికోసం ఏదైనా తెచ్చి దాచుకున్నాడా. చెవిలో ఎవరైనా మాట్లాడుతున్నట్టు వినపడుతోందా, వినపడితే ఏం చెయ్యమంటున్నారు. ఫలానా పని చెయ్యి, దూకెయ్యి, చచ్చిపో అని ఆజ్ఞాపించే గొంతులు వినపడుతున్నాయంటే తెల్లారేదాకా ఆగకండి, ఆ గంటలోనే బయల్దేరండి. అమ్మ మీద ఒట్టు వేయించుకోవడం మన ఇళ్ళలో అలవాటు. అది వద్దు. ఆ ఒట్టు వల్ల వాడికి వచ్చే లాభం లేదు, మీరు మాత్రం నిశ్చింతగా నిద్రపోతారు. అలాగే "ఎవరికీ చెప్పను" అని మాటివ్వకండి. "నాన్నకీ డాక్టరుకీ చెప్పాల్సి వస్తుంది, మిగతా ఎవరికీ చెప్పను" అనండి. చెప్పే మాట నిజమవ్వాలి.

ఈ రాత్రికి వాణ్ణి ఒంటరిగా వదలకండి. అదే గదిలో ఇంకొకరు పడుకోవాలి, వంతులేసుకోండి. అందరూ మేలుకుని కూర్చుంటే రేపు ఎవరికీ ఓపిక ఉండదు. అమ్మగారి బీపీ, షుగర్ మాత్రలు, ఇంట్లో ఉన్న పాత మందులు, పురుగుల మందు, ఫినాయిల్ లాంటివన్నీ ఒక సంచిలో వేసి తెలిసినవాళ్ళింట్లో పెట్టేయండి. బీరువా మీద దాస్తే దాచినట్టు కాదు. మేడ మీదికెళ్ళే తలుపుకి తాళం వెయ్యండి, బాత్రూమ్ లోపలి గడియ తాత్కాలికంగా తీసేయండి, బండి తాళాలు మీ దగ్గర పెట్టుకోండి. ఈ పనులు చాటుగా చెయ్యకండి. "నాకు భయంగా ఉందిరా, ఈ నాలుగు రోజులూ ఇవి ఇంట్లో ఉండొద్దు" అని చెప్పే చెయ్యండి. చచ్చిపోవాలన్న తీవ్రమైన తెగింపు చాలామందిలో కొద్ది సేపే ఉంటుంది. ఆ సమయంలో చేతికి ఏమీ అందకపోతే ప్రాణం నిలబడుతుంది. మెడికల్ షాపులో అడిగి నిద్రమాత్రలు తెచ్చి వెయ్యకండి. సాయంత్రం నుంచి టీ, కాఫీ ఆపండి, లైట్లు తగ్గించండి, చుట్టాలెవర్నీ చూడ్డానికి రానివ్వకండి.

ఒకవేళ ఏదైనా మింగినట్టు తెలిస్తే మాత్రం 108కి ఫోన్ చెయ్యండి. ఉప్పునీళ్ళు, సబ్బునీళ్ళు పోసి కక్కించే ప్రయత్నం చెయ్యకండి, అవి ఊపిరితిత్తుల్లోకి పోతే ఇంకో ప్రమాదం. మింగినదాని డబ్బా, సీసా, ఖాళీ అట్ట చేత పట్టుకుని కేజీహెచ్ (కింగ్ జార్జ్ ఆసుపత్రి) క్యాజువాల్టీకో, దగ్గర్లో ఐసీయూ ఉన్న ఆసుపత్రికో వెళ్ళండి. మనిషి మామూలుగా మాట్లాడుతున్నాడు కదా అని ఇంట్లో ఉంచుకోకండి. కొన్ని రకాలు మొదటిరోజు ఏమీ చూపించవు. అక్కడ డాక్టరుకి నిజం చెప్పండి. "పొరపాటున తాగేశాడు", "కడుపునొప్పి తాళలేక" అని పోలీసు భయంతో కథలు చెప్తారు మనవాళ్ళు. ఆ భయం ఇప్పుడు అక్కర్లేదు. ఆత్మహత్యకి ప్రయత్నించిన మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నాడనే భావించాలి, శిక్షించకూడదు అని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో 115వ సెక్షన్ చెప్తోంది. 2024 జులై 1న అమల్లోకొచ్చిన భారతీయ న్యాయ సంహితలో ఆత్మహత్యాయత్నాన్ని నేరమనే పాత ఐపీసీ 309 సెక్షనే లేదు. ఆసుపత్రి వాళ్ళు మెడికో లీగల్ కేసని రాసుకుంటారు, కానిస్టేబుల్ వచ్చి స్టేట్‌మెంట్ తీసుకోవచ్చు. అంతే.

ఇక వాడి మాటల సంగతి. పక్క ఫ్లాట్ ఆవిణ్ణి పిలుచుకొచ్చి "నువ్వే చెప్పమ్మా, వీడి గురించి మాట్లాడుకున్నారా?" అని నాన్నగారు సాక్ష్యం చెప్పించారని రాశారు. దయచేసి ఇంకోసారి అలా చెయ్యనివ్వకండి. ఆ నమ్మకం వాదనతో వచ్చింది కాదు, వాదనతో పోదు. రుజువు చూపించినకొద్దీ మీరూ వాళ్ళతో కలిసిపోయారన్నది వాడికి ఇంకా గట్టిపడుతుంది. అలాగని "అవున్రా, నేనూ విన్నాను" అని తలూపకండి. అది ఇంకా ప్రమాదం. "నాకు వినపడలేదురా. కానీ నీకు వినపడుతోందంటే ఎంత భయంగా ఉంటుందో తెలుస్తోంది. ఈ పది రోజులూ ఒక్కడివే ఎలా భరించావు?" అంటే చాలు. మొదటి వాక్యం నిజం, రెండోదీ నిజమే. తర్వాత ఆ ఫ్లాట్ వాళ్ళ విషయం వదిలేసి నిద్ర గురించి, ఆకలి గురించి మాట్లాడండి. నిద్ర లేదన్నది వాడూ ఒప్పుకుంటాడు. మీ ఇద్దరికీ ఒకే అభిప్రాయం ఉన్న చోటు అదొక్కటే, అక్కణ్ణుంచే దారి తీయాలి.

ఇంట్లో గుసగుసలు ఆపండి. తనమీద కుట్ర జరుగుతోందనుకునే మనిషికి వంటింట్లో నలుగురు తల దగ్గర పెట్టి మాట్లాడుకోవడం, తను రాగానే ఆపెయ్యడం ఎలా కనిపిస్తుందో ఆలోచించండి. డాక్టరుకి చూపించడానికని చాటుగా వీడియో తీసే తమ్ముళ్ళూ బావలూ ఉంటారు. ఫోన్లో గమనిస్తున్నారని భయపడేవాడి మీదే రహస్యంగా కెమెరా పెట్టడం కంటే దారుణం ఇంకొకటి లేదు.

ఇప్పుడు మావయ్యగారి సలహా. ఆయన మంచికే చెప్పారు, ప్రేమ లేక కాదు. చాలా ఇళ్ళలో చేసేది అదే. కానీ కారులో ఏం జరుగుతుందో చూడండి. మీరు మధురవాడ నుంచి హైవే మీద బయల్దేరతారు. వెనక సీట్లో ఇటు మావయ్య, అటు నాన్న, మధ్యలో వాడు. ముందు సీట్లో మీ ఒళ్ళో కొబ్బరికాయ, పూలు ఉన్న సంచి. హనుమంతవాక జంక్షన్ వస్తుంది. సింహాచలం వెళ్ళాలంటే అక్కడ కుడివైపు ఆరిలోవ, అడవివరం రోడ్డెక్కాలి. పుట్టి పెరిగిన ఊరు, వాడికి ఆ మలుపు తెలియదా? కారు తిరగదు, తిన్నగా ఇసుకతోట వైపు పోతుంది. వాడు మీ మొహం చూస్తాడు. మీరు కిటికీలోంచి బయటికి చూస్తారు. రెండు నెలలుగా వాడి బుర్ర వాడికి ఏం చెప్తోంది? అందరూ కలిసి నన్నేదో చెయ్యబోతున్నారు అని. అది నిజమేనని ఆ జంక్షన్‌లో మీరే నిరూపించారు. అక్కణ్ణుంచి డాక్టరు మాట కుట్రే, ఇంజెక్షన్ కుట్రే, మాత్ర కుట్రే.

అలా వచ్చినవాళ్ళకి మందులు పనిచెయ్యవని కాదు, చేస్తాయి. మూడు వారాలకి శాంతపడతారు. కానీ ఇంటికెళ్ళాక ఎవరిచ్చినా మింగరు, నాలుక కింద పెట్టుకుని బాత్రూమ్‌లో ఊసేస్తారు. మళ్ళీ అదే వార్డుకి, ఈసారి ఇంకా పెద్ద అబద్ధంతో వస్తారు. చేతులు పట్టుకుని బలవంతంగా తెచ్చిన అన్నయ్యతో కొన్నాళ్ళకి మామూలుగా మాట్లాడిన పేషెంట్లని చూశాను. గుడికని చెప్పి తెచ్చిన అమ్మతో ఏళ్ళ తరబడి మాట్లాడనివాళ్ళనీ చూశాను. సాంబారులో, పెరుగన్నంలో మాత్ర పొడి కలిపి పెట్టడం కూడా ఇందులో భాగమే. ఒక రోజు రుచి తేడా తెలుస్తుంది. విషం పెడుతున్నారని అప్పటిదాకా అనుమానం లేనివాడికి కూడా అనుమానం పుడుతుంది, అన్నం మానేస్తాడు.

నిజం చెప్పి తీసుకెళ్ళడం ఎలా అంటే, ముందు మాట్లాడేది ఒక్కరే అవ్వాలి. మీ ఇంట్లో అది మీరే అనిపిస్తోంది, మీరు రాగానే తలుపు తీశాడన్నారు కాబట్టి. "పది రోజులుగా నిద్ర లేదు, తిండి లేదు, చచ్చిపోవాలనుంది అంటున్నావు. నాకు భయమేస్తోంది. రేపు పొద్దున్న మానసిక డాక్టరుకి చూపించుకుందాం. లోపలికి నేనూ వస్తాను, నువ్వు వద్దంటే బయటే కూర్చుంటాను." ఇంత మాట చాలు. తర్వాత ఊరుకోండి. వద్దంటే గంట ఆగి మళ్ళీ అడగండి. ఎంచుకోవడానికి చిన్న చిన్న విషయాలు వాడికే వదలండి. ప్రభుత్వ ఆసుపత్రా, ప్రైవేటు క్లినిక్కా? ఎనిమిదింటికా, పదింటికా? నాన్న రావాలా, వద్దా? ఆటోనా, కారా? వెళ్ళడమా మానడమా అన్నది మాత్రం ఎంపికల్లో పెట్టకండి. ఉంచుకుంటారా, ఇంజెక్షన్ చేస్తారా అని వాడడిగితే "తెలీదు, డాక్టరు చెప్తారు. ఉండమంటే నేను ఊళ్ళో ఉన్నన్నాళ్ళూ రోజూ వస్తాను" అనండి. "అబ్బే, ఊరికే చూపించుకుని వచ్చేద్దాం" అనొద్దు.

ఒప్పుకోకపోతే 14416కి ఫోన్ చెయ్యండి. అది టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న మొదలుపెట్టింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బు కట్టక్కర్లేదు, తెలుగులో మాట్లాడతారు. జబ్బున్నవాళ్ళే చెయ్యాలని లేదు, మీరే చేసి మీ పరిస్థితి చెప్పొచ్చు. తమ్ముడు మాట్లాడతానంటే ఫోన్ చేతికివ్వండి. మీ ఫ్యామిలీ డాక్టరు ఎవరైనా చిన్నప్పటినుంచీ తెలిసినవాళ్ళుంటే వాళ్ళ దగ్గరికి ముందు వెళ్ళడం కూడా మంచి పనే, వాళ్ళు పంపితే వినే పిల్లలుంటారు.

అయినా ససేమిరా అంటూ, ప్రాణం మీద భయం కనిపిస్తుంటే బలవంతంగానైనా తీసుకెళ్ళాల్సిందే. దానికి చట్టంలో దారి ఉంది. 2017 చట్టం 2018 మే 29 నుంచి అమల్లో ఉంది. అందులో 89వ సెక్షన్ ప్రకారం మనిషి ఈమధ్య తనకి తాను హాని చేసుకోబోయినా, చేసుకుంటానని బెదిరించినా, వేరేవాళ్ళ మీదికి వెళ్ళినా, ప్రమాదంలో పడేంతగా తనని తాను చూసుకోలేకపోతున్నా అతని తరఫు ప్రతినిధి కోరితే చేర్చుకోవచ్చు. ఒక సైకియాట్రిస్టు, ఇంకో డాక్టరో మానసిక ఆరోగ్య నిపుణుడో విడివిడిగా చూసి అవసరమని తేల్చాలి. గరిష్ఠంగా 30 రోజులు. అతను ముందుగా ఎవరినీ ప్రతినిధిగా రాసిపెట్టకపోతే మామూలుగా ఆ బాధ్యత కుటుంబసభ్యుల మీదే పడుతుంది. అత్యవసరమైతే ఏ రిజిస్టర్డ్ డాక్టరైనా 72 గంటలదాకా వైద్యం చెయ్యొచ్చు. చెయ్యిదాటిపోతే 112కి చేస్తే పోలీసులొస్తారు. ఇలాంటి మనిషిని వాళ్ళు ఆసుపత్రికి చేర్చాలి, లాకప్‌లో పెట్టకూడదు. అప్పుడు కూడా తాళ్ళు కట్టకండి, పదిమంది మగవాళ్ళని పోగు చెయ్యకండి, అరవకండి. "వద్దంటున్నావని తెలుసు. నీ ప్రాణం మీద భయంతోనే తీసుకెళ్తున్నాం. వాల్తేరు ఆసుపత్రికి వెళ్తున్నాం" అని దారిపొడవునా చెప్పండి. కోపమొస్తుంది, రానివ్వండి.

ఆసుపత్రి అంటే మీరు భయపడుతున్న ఆ ప్రభుత్వ మానసిక వైద్యశాల చినవాల్తేరులో ఉంది. ఆంగ్లేయుల కాలం నాటిది. ఆంధ్రా మెడికల్ కాలేజీకి అనుబంధం, అంటే రేపు సైకియాట్రీ డాక్టర్లయ్యేవాళ్ళు నేర్చుకునేది అక్కడే. ఉత్తరాంధ్ర ఊళ్ళలో ఆ పేరు తిట్టుకి వాడటం వల్ల మనకి భయం గానీ, పొద్దున ఓపీకి వెళ్ళి చూస్తే ఇంటర్ పరీక్షల టెన్షన్‌తో వచ్చిన పిల్లలు, బాలింతలు, తాగుడు మానడానికొచ్చినవాళ్ళు, మందులు తీసుకుని తిన్నగా డ్యూటీకి పోయే ఉద్యోగులు కనిపిస్తారు. ప్రైవేటులో చూపించుకునే స్తోమత ఉంటే అక్కడికే వెళ్ళండి, తప్పేం లేదు. కానీ చచ్చిపోతానంటున్న మనిషిని అపాయింట్‌మెంట్ వచ్చే వారమని ఇంట్లో కూర్చోబెట్టకండి.

జ్వరం ఉన్నా, తలకి దెబ్బ తగిలినా, మూర్ఛ వచ్చినా, ఏ రోజో ఎక్కడున్నాడో తెలియనట్టు తికమకగా ఉన్నా ముందు వెళ్ళాల్సింది కేజీహెచ్ లాంటి జనరల్ ఆసుపత్రికి. మెదడువాపు, ఒంట్లో ఉప్పు శాతం తేడా, అలవాటైన తాగుడు హఠాత్తుగా ఆపడం, ఇవి కూడా పిచ్చి మాటలు మాట్లాడిస్తాయి.

ఈ రాత్రే ఒక కాగితం మీద రాసిపెట్టుకోండి. మొదట తేడా ఎప్పుడు కనిపించింది, రోజుకి ఎన్ని గంటలు పడుకుంటున్నాడు, తిండి, వాడన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, ఇంటి పెద్దల్లో ఎవరికైనా ఇలాంటిది వచ్చిందా (బంధువుల్లో "అత్తారింట్లో ఉండలేక వచ్చేసిన" పెద్దమ్మలూ, "ఊరొదిలి పోయిన" బాబాయిలూ ఉంటారు, అమ్మగారిని నెమ్మదిగా అడగండి), వాడుతున్న మందులు. గంజాయి సంగతి కూడా. మన మన్యం గంజాయి సిటీలో కాలేజీ పిల్లలకి ఎంత సులువుగా దొరుకుతోందో అందరికీ తెలుసు. అది అనుమానాల్నీ, గొంతులు వినపడటాన్నీ తెప్పిస్తుంది, ఉన్నవాటిని పెంచుతుంది. డాక్టరు పోలీసులకి చెప్పరు, తల్లిదండ్రుల ముందు అడిగితే మీవాడూ చెప్పడు. అందుకని డాక్టరుతో వాడు కాసేపు ఒంటరిగా మాట్లాడేలా చూడండి.

కరెంట్ షాక్ ఇస్తారని అమ్మగారి భయం. ప్రతి పేషెంటుకీ ఇచ్చేది కాదది, తీవ్రమైన కొన్ని పరిస్థితుల్లోనే. ఇచ్చినా మత్తు, కండరాలు సడలించే మందు లేకుండా ఇవ్వకూడదని ఆ చట్టమే నిషేధించింది. గొలుసులతో కట్టడం కూడా నిషేధమే.

నాన్నగారితో గొడవ పెట్టుకోకండి. గాలి, చేతబడి అన్నవి లేవని ఈ వారంలో ఆయనకి నేర్పించే పని పెట్టుకుంటే తమ్ముడి పని ఆగిపోతుంది. కుంకుమ పెట్టుకోనివ్వండి, తాయెత్తు కట్టనివ్వండి, అప్పన్నకి మొక్కుకోనివ్వండి, వాటివల్ల నష్టం లేదు. కానీ మంత్రగాడి దగ్గర రాత్రిళ్ళు ఉంచడం, పస్తులు పెట్టడం, కొట్టడం, పొగ వెయ్యడం, పసరు తాగించడం, గొలుసు వెయ్యడం, ఇవేవీ ఒప్పుకోవద్దు. 2001 ఆగస్టు 6న తమిళనాడులో దర్గా ఉన్న ఏర్వాడి ఊళ్ళో, జబ్బు నయమవుతుందని ఇంటివాళ్ళు వదిలి వెళ్ళినవాళ్ళు ఒక షెడ్డులో గొలుసులతో కట్టేసి ఉండగా మంటలంటుకున్నాయి. పారిపోలేక 28 మంది చనిపోయారు. నాన్నగారికి ఈ ఒక్కటి చెప్పండి. తర్వాత "డాక్టరుకి చూపించాక మొక్కు తీర్చుకోడానికి అందరం కలిసి సింహాచలం వెళ్దాం నాన్నా" అనండి, అది అబద్ధం కాకుండా నిజంగా వెళ్ళండి.

అమ్మగారి పెళ్ళి బెంగ గురించి రెండు మాటలు. ఆసుపత్రి రికార్డు ఎవరు పడితే వాళ్ళు చూసేది కాదు, గోప్యంగా ఉంచాలని చట్టం. తొలిసారి జబ్బు చేసినప్పుడు ఎంత త్వరగా మందులు మొదలైతే అంత బాగా కోలుకుంటారు, చదువూ ఉద్యోగమూ అంత బాగా నిలుస్తాయి. వైద్యం వాయిదా వేస్తే దాచిపెట్టే విషయం పెద్దదవుతుంది. ఇక "పెళ్ళి చేస్తే అదే కుదురుకుంటుంది" అనే చుట్టాలు వస్తారు, చూస్తూ ఉండండి. వాళ్ళకి కాఫీ ఇచ్చి పంపించెయ్యండి.

మందులు మొదలయ్యాక నిద్ర, గాభరా కొద్ది రోజుల్లో సర్దుకుంటాయి. అనుమానాలూ గొంతులూ తగ్గడానికి వారాలు పడుతుంది. వారంలో తేడా లేదని డాక్టర్ని మార్చకండి. కొన్ని మందులకి మొదటి రోజుల్లో మెడ ఒక పక్కకి బిగుసుకుపోవడం, కళ్ళు పైకి లాక్కుపోవడం జరుగుతుంది. చూస్తే గుండె ఆగినంత పనవుతుంది, దెయ్యమే నిజమని నాన్నగారంటారు. దానికి విరుగుడు ఇంజెక్షన్ ఉంది, త్వరగా సర్దుకుంటుంది, వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి. కొన్నింటికి విపరీతమైన ఆకలేస్తుంది, బరువు పెరుగుతారు, షుగర్ రావచ్చు. ముందే డాక్టర్ని అడిగి రక్త పరీక్షలు చేయిస్తూ ఉండండి. ఒకవేళ లిథియం (ఉత్సాహం, దిగులు మరీ హెచ్చుతగ్గులయ్యేవాళ్ళకి ఇచ్చే మందు) రాస్తే మన ఎండల్లో జాగ్రత్త. చెమటపట్టి ఒంట్లో నీళ్ళు తగ్గినా, ఉప్పు మానేసినా, విరేచనాలయినా రక్తంలో ఆ మందు మోతాదు మించిపోతుంది. చేతులు బాగా వణకడం, వాంతులు, తూలడం కనిపిస్తే ఆ పూటే చూపించాలి. బాగైపోయాడు కదా అని మందులు ఆపేసేది ఎక్కువగా ఇంటివాళ్ళే, "ఆ మందులు వేడి చేస్తాయి" అని. తొలిసారి వచ్చిన జబ్బుకే సాధారణంగా ఏడాదికి తక్కువ కాకుండా వాడమంటారు. ఎప్పుడు తగ్గించాలన్నది డాక్టరు పని.

మీరడిగిన ఆఖరి ప్రశ్న, వారం కాగానే హైదరాబాద్ వెళ్ళిపోవచ్చా అని. చేర్చుకుంటే నిశ్చింతగా వెళ్ళండి. మీ సెలవు అవసరమయ్యేది ఆసుపత్రిలో ఉన్నప్పుడు కాదు, ఇంటికొచ్చాక. ప్రాణభయం ఎక్కువుండేది డిశ్చార్జి అయిన తొలి వారాల్లోనే. అప్పటికి తెలివి తేటపడుతుంది, "నాకు ఇదేంటి ఇలా అయింది, నా బ్యాచ్ వాళ్ళంతా ఉద్యోగాల్లో చేరిపోయారు" అన్నది అప్పుడే బాధపెడుతుంది. ఇంట్లోవాళ్ళు అప్పుడే ఊపిరి పీల్చుకుని ఎవరి పనుల్లో వాళ్ళు పడతారు. ఆ రెండు మూడు వారాలకి సెలవు దాచుకోండి, కుదరకపోతే ఇంటినుంచి పని అడగండి. డిశ్చార్జి అయిన వారంలోపే మొదటి చెకప్ ఉండేలా తేదీ రాయించుకుని రండి. మందులు నెలకి సరిపడా ఇచ్చినా ఒకేసారి ఇంట్లో పెట్టకండి. వారానికి సరిపడా మాత్రం డబ్బాలో సర్ది, మిగతావి మావయ్యగారింట్లో ఉంచండి. సాయం చెయ్యాలన్న ఆత్రం ఆయనకి ఎలాగూ ఉంది, ప్రతి ఆదివారం తెచ్చిచ్చే పని ఆయనకి అప్పగించండి. ఆ మందులు ఆయన దగ్గర ఎందుకున్నాయో తమ్ముడికి మీరే చెప్పండి.